మేస్త్రిగారికి ఎడమ

ఆ లాప్‌టాప్ తెరుచుకోవడం అంటే చుట్టాలు ఊరికి బయల్దేరడం లాంటిది. ఇదిగో వెళ్తున్నాం, అదిగో వెళ్తున్నాం అంటారే గానీ గుమ్మం దాటరు. మీట నొక్కగానే ముందు లోపలి ఫ్యాను గొంతు సవరించుకుంటుంది. తర్వాత తెర మీద ఓ మూల తెల్లటి గీత ఒకటి వచ్చి మిణుకుమిణుకుమంటూ నిలబడుతుంది. ఆ పైన చాలాసేపు ఏమీ జరగదు. ఈలోగా చెవుల మేస్త్రి టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కళ్ళజోడు తుడుచుకుని వచ్చి కూర్చునేసరికి, 'ఏమిటి సంగతి' అన్నట్టు తెరుచుకుంటుంది. మూత దానంతటది నిలబడదు. వెనకాల ఇస్త్రీపెట్టె ఒకటి ఆనించి పెట్టాలి. ఆ ఇస్త్రీపెట్టె కాలిపోయి చాలాకాలమైంది గానీ, ఈ ఉద్యోగం దొరకబట్టి ఇంకా ఇంట్లో ఉంది.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. వినపడనివాళ్ళకి చెవి మిషన్లు అమర్చే మనిషి. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాక, ఇక మిగిలినవి చెవులే కదా అని వాటి మీద పడ్డాడు. ఇంటి ముందుగదే కొట్టు. గోడవారగా బల్ల, బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కన సబ్బుపెట్టెంత చిన్న డబ్బా. ఆ డబ్బాలోంచి ఒక ఎర్ర వైరు, ఒక నీలం వైరు వస్తాయి. వాటి కొసలు చెవి మిషన్లకు తగిలించి, లాప్‌టాప్‌లోని ప్రోగ్రాంలో గీతలు పైకీ కిందికీ జరిపితే, మిషన్లో శబ్దం హెచ్చుతుంది, తగ్గుతుంది, పదునెక్కుతుంది, మెత్తబడుతుంది. ఆ ప్రోగ్రాం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాన్ని ఇంకో లాప్‌టాప్‌లో పెట్టబోతే, ఎవరు మీరు అన్నట్టు చూస్తుంది. అందుకని మేస్త్రి లాప్‌టాప్ మార్చలేదు. ప్రోగ్రాం కోసం లాప్‌టాప్, లాప్‌టాప్ కోసం ఇస్త్రీపెట్టె. అలా ఒకదాన్ని పట్టుకుని ఒకటి బతుకుతున్నాయి.

మేస్త్రి భార్యకు రెండు చెవులకూ మిషన్లే. కుడి చెవి బాగా పోయింది, ఎడమ చెవి కొద్దిగా పోయింది. ఆవిడ బడికి వెళ్ళలేదు. పొట్లాలు కట్టిన కాయితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఇప్పుడు ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ఆఖరి పేజీ చదువుతుంది. ఎవరూ ఎవర్నీ వదిలిపోలేదని ఖాయం చేసుకున్నాకే మొదటి పేజీకి వస్తుంది. పోతారని తెలిస్తే ఆ పుస్తకం అక్కడే మూసి, ఆ మనుషుల్ని పుస్తకంలో క్షేమంగా ఉంచేస్తుంది. ఇంటికొచ్చినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటుంటే ఆవిడకు గుండె దడ. వాళ్ళు వచ్చింది బ్యాటరీలు కొనుక్కోడానికే అయినా సరే.

మేస్త్రి మంచివాడే గానీ మాట పొదుపు. నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ, వంట ఎలా ఉందో ఆయన చెప్పలేదు, ఆవిడ ఎలా ఉందో ఆయన అడగలేదు. జ్వరం వస్తే థర్మామీటరు అడుగుతాడు, మనిషిని అడగడు. ఆదివారం మాత్రం భోజనాలయ్యాక ఆవిడ మిషన్లు సరిచూసే పని ఉంటుంది. కుర్చీ ఆవిడకు ఎదురుగా జరుపుకుని, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంటాడు. ఎర్ర వైరు తన కుడిచేతి వైపు, నీలం వైరు తన ఎడమచేతి వైపు తగిలిస్తాడు. గీత ఒకటి జరిపి, ఆవిడ మొహంలోకి చూసి అడుగుతాడు.

"ఇప్పుడెలా ఉంది?"

ఆ ఒక్క మాట కోసం ఆవిడ వారమంతా ఎదురుచూసేది. ఒక వారం "కొంచెం కీచుగా ఉందండీ" అనేది. ఆయన గీత కిందికి జరిపేవాడు. మరో వారం "కొంచెం బొంగురుగా ఉందండీ" అనేది. గీత మళ్ళీ పైకి వచ్చేది. నిజానికి మిషన్లకు ఏ రోగమూ లేదు. పెట్టిన రోజునుంచీ శుభ్రంగా వినపడుతోంది. ఏ వారం ఏం చెప్పిందో మర్చిపోకుండా ఉండటం ఒక్కటే కష్టం.

ఒకనాడు బల్లమీంచి కాలిన వాసన వచ్చింది. ఆవిడ వంటింట్లో పొయ్యి చూసుకుంది. పొయ్యి ఆరిపోయే ఉంది. ముందుగదిలోకి వస్తే లాప్‌టాప్ వెనకనుంచి సన్నగా పొగ.

"ఏమండీ, అది పొగ తాగుతోంది," అంది.

"ఉక్కపోతగా ఉంది కదా," అన్నాడు మేస్త్రి, విసనకర్ర తీసి దానికి విసురుతూ.

కూతురు ఊరుకోలేదు. ఆ పిల్ల చెవుల పనే పెద్ద బడికి వెళ్ళి చదువుకుంది. ఈమధ్యనే వచ్చి కొట్టు చూసుకుంటోంది. ముందు బల్ల దగ్గర పరీక్షలూ, అమ్మకాలూ తనవి. గోడవార బల్ల దగ్గరికి మాత్రం ఆయన ఎవర్నీ రానిచ్చేవాడు కాదు.

"నాన్నా, ఇల్లు అంటుకుంటే చెవులేం చేసుకుంటాం? కొత్తది కొనేస్తున్నా."

"ప్రోగ్రాం?"

"పాత ప్రోగ్రాంలో ఉన్న మనుషుల వివరాలన్నీ కొత్తదాంట్లోకి తీసుకోవచ్చు. మిషన్లు కూడా మారుద్దాం. పాతవి తీసుకుని కంపెనీవాళ్ళు కొత్తవి ఇస్తున్నారు. వైర్లు అక్కర్లేదు, గాల్లోనే మాట్లాడుకుంటాయి. ఆ తర్వాత ఫోనులో వాటంతటవే సర్దుకుంటాయి. ఇక నువ్వు గంటలకొద్దీ కూర్చోనక్కర్లేదు."

మేస్త్రి విసనకర్ర ఆపాడు. "మంచిదే," అన్నాడు.

"అమ్మా, నీకూ హాయి. ఆదివారం పడుకోవచ్చు."

"నాకేం," అంది ఆవిడ. "హాయే."

ఆ సాయంత్రం లైబ్రరీ పుస్తకం తీసి ఆఖరి పేజీ చదివింది. అందులో ఎవరూ ఎక్కడికీ పోలేదు. అయినా మనసు కుదుటపడలేదు.

కొత్త లాప్‌టాప్ వచ్చింది. అప్పడంలా పల్చగా ఉంది. మీట నొక్కీ నొక్కకముందే తెరుచుకుంది. మేస్త్రి టీ పెట్టుకుందామని లేచి, మళ్ళీ కూర్చున్నాడు. కూతురు పాత లాప్‌టాప్‌ని బతిమాలి, విసిరి, దాని కడుపులో ఉన్న వివరాలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించింది. వీధిలో వాళ్ళందరినీ పిలిచి, పాత మిషన్లు తీసుకుని కొత్తవి పెట్టి పంపింది. తల్లికీ పెట్టింది. పాతవి ఇవ్వమంటే ఆవిడ, ఎక్కడో పెట్టాను కనపడట్లేదంది. అవి అప్పుడు ఆవిడ దిండు గలీబులో ఉన్నాయి.

ఆదివారం వచ్చింది. భోజనాలయ్యాయి. ఆవిడ అలవాటు కొద్దీ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. కూతురు ఫోను చేతికిచ్చింది. ఫోను కాసేపు పిచ్చుకలా కిచకిచలాడి, తెరమీద ఐదు మొహాలు చూపించింది. ఒక కొసన ఏడుస్తున్న మొహం, ఇంకో కొసన నవ్వుతున్న మొహం, మధ్యలో అటూ ఇటూ కానివి.

"ఎలా ఉందో అడుగుతోందమ్మా. నీకెలా ఉంటే ఆ మొహం నొక్కు."

ఆవిడ నవ్వే మొహాన్ని నొక్కింది. పరాయివాళ్ళ ముందు ఏడ్చే మొహం నొక్కడానికి మొహమాటమేసింది. ఫోను సంతోషించి ఊరుకుంది. పని అయిపోయింది. మేస్త్రి గోడవార నిలబడి చూసి చూసి, డబ్బాకున్న ఎర్ర వైరూ నీలం వైరూ తీసి, ఉండగా చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

అసలు భయం మర్నాటినుంచి మొదలైంది.

అన్నానికి కూర్చున్నప్పుడు మేస్త్రి ఎప్పుడూ ఆవిడకు కుడిపక్కన కూర్చుంటాడు. ఆవేళ ఆయన పెదాలు కదిలాయి గానీ, మాట పక్కవీధిలోంచి వచ్చినట్టు వచ్చింది. ఎడమపక్కన వంటింటి కుళాయి మాత్రం జలపాతంలా మోగుతోంది. ఎడమవైపునుంచి కూతురు "అమ్మా" అంటే బస్సు హారన్ కొట్టినట్టుంది. చెంచా పడితే పిడుగు పడ్డట్టుంది. అన్నీ ఇంత బాగా వినపడుతున్నాయంటే మిషన్లు భేషుగ్గా పనిచేస్తున్నట్టే కదా. మరి ఈయన గొంతుకే ఏమొచ్చింది?

ఆవిడకు తెలుసు. మనిషి ఒక్కసారి పోడు. ముందు గొంతు పోతుంది. వాళ్ళ నాన్నకూ అంతే. గట్టిగా అరిచే మనిషి, గుసగుసలోకి దిగి, పెదాల కదలికలోకి దిగి, చివరికి ఫోటోలోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ మఫ్లరు తీసి మేస్త్రి మెడకు చుట్టింది. ఎండలు మండిపోతున్నాయి.

మేస్త్రి ఏదో అన్నాడు. గాలి కదిలినట్టనిపించింది.

"మాట్లాడకండి. ఓపిక పోతుంది," అంది ఆవిడ.

వేడినీళ్ళు తాగించింది. మధ్యాహ్నం దుప్పటి కప్పి పడుకోబెట్టింది. మిగిలినవాళ్ళకు లేని పాలు ఆయనకు పోసింది. మేస్త్రి, దున్నపోతు మీద వాన కురిసినట్టు, అన్నిటికీ ఊరుకున్నాడు. నుదుటి మీద చెమట మాత్రం పడుతోంది. అది చూసి ఆవిడ ఇంకో దుప్పటి కప్పింది.

రెండు రోజులాగి కూతురు ఎడమపక్కకు వచ్చి నిలబడింది.

"అమ్మా, నాన్నతో ఎందుకు మాట్లాడట్లేదు?"

"అరవకే."

"అరవట్లేదు. నాన్న ఏదైనా అడిగితే పలకట్లేదంట. మఫ్లరు చుట్టి, దుప్పటి కప్పి శిక్ష వేస్తున్నావంట. తను చేసిన తప్పేంటో కనుక్కోమన్నాడు."

"ఆ ముక్క నాతోనే అనొచ్చుగా."

"అన్నాడంట. నువ్వు వేడినీళ్ళు తెచ్చావంట."

కూతురికి నిజం చెప్పేస్తే ఏడుస్తుంది. ఏడిస్తే ఈ మిషన్లతో అది భరించడం కష్టం. అయినా కూతురికి కూడా అమ్మానాన్నల తగవు తీర్చే తీరిక లేదు. కొట్టు ముందు జనం చేరుతున్నారు.

మొదట వచ్చింది రిటైరైన బస్సు కండక్టరు. మేస్త్రికి పాత స్నేహితుడు. గుమ్మంలోనే నిలబడి రెండు చెవుల మిషన్లూ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"పాపా, ఇవి నన్ను రోడ్డు మీద చంపేట్టున్నాయమ్మా. ఎడంపక్కన హారన్ కొడితే కుడిపక్కకు చూస్తున్నా. నా బతుకంతా బస్సులో ఇటు జరగండి, అటు జరగండి అన్నవాణ్ణి. ఇప్పుడు నాకే ఎటు జరగాలో తెలీట్లేదు."

"అలవాటు పడాలి మావయ్యా. కొత్తవి కదా."

"ఏం అలవాటు? మా ఆవిడ వంటింట్లోంచి తిడుతుంటే, నేను వీధిగుమ్మం వైపు తిరిగి క్షమాపణ చెప్పుకుంటున్నా. పాలవాడు కంగారుపడి రెండు రోజులు మానేశాడు."

కూతురు కొత్త లాప్‌టాప్ తెరిచి చూసింది. పాతదాంట్లో ఏముందో కొత్తదాంట్లోనూ అదే ఉంది, పొల్లు పోలేదు. కంపెనీకి ఫోన్ చేసింది. వాళ్ళూ చూసి, అంతా సరిగ్గా ఉందమ్మా, లోపం మనుషుల్లో ఉండొచ్చన్నారు.

ఆ వెనక సంగీతం టీచరు వచ్చింది. పాఠం చెబుతుంటే పిల్లలు ఒకవైపు కూర్చుని పాడతారు, పాట ఇంకోవైపునుంచి వస్తోందంది. ఇలా ఒకరి తర్వాత ఒకరు. రెండు చెవులూ సమానంగా పోయినవాళ్ళు మాత్రం రాలేదు. వాళ్ళు అదృష్టవంతులు. పక్కవీధి గడియారాల షాపాయన ఒక్కడే వచ్చి, తనకు చాలా బాగుందని చెప్పి వెళ్ళాడు. ఆయన షాపుకి ఓ పక్కన బావమరిది షాపుంది. ఆ బావమరిది మాటలు ఇప్పుడు బొత్తిగా వినపడట్లేదట.

కండక్టరు వెళ్తూ వెళ్తూ లోపలికి తొంగిచూశాడు. మంచం మీద మఫ్లరుతో, రెండు దుప్పట్లతో మేస్త్రి కనిపించాడు.

"ఏమైంది చెల్లెమ్మా మేస్త్రికి?"

ఆయన కుడిపక్కన నిలబడటం వల్ల ఆవిడకు సగమే వినపడింది. కండక్టరు గొంతు కూడా పోతోందన్నమాట. ఆవిడ ఆయన వంక జాలిగా చూసి, "మీరూ జాగ్రత్త అన్నయ్యా," అంది.

కండక్టరు మెట్లు దిగాడు. దిగేటప్పుడు రెండు వైపులా రెండేసి సార్లు చూసుకున్నాడు.

ఆ రోజు ఆవిడ ముందుగదిలోకి వచ్చేసరికి, పాత లాప్‌టాప్ ఒక సంచీలో, ఇస్త్రీపెట్టె దాని మీద, గుమ్మం పక్కన సర్ది ఉన్నాయి. పాత సామాన్లవాడు ఈ వీధికి వస్తే ఇచ్చేద్దామని కూతురు పెట్టింది. చెప్పులు వేసుకుని బయల్దేరబోతున్న చుట్టాల్లా ఉన్నాయవి.

"దాన్ని ఒక్కసారి పెట్టవే," అంది కూతురితో.

"దేన్ని?"

"దాన్ని. మీ నాన్న చేత ఒక్కసారి నా మిషన్లు చూపించు. పాతవి దొరికాయి."

"ఎక్కడ దొరికాయి?"

"దొరికాయిలే."

"అమ్మా, అది పెడితే పొగొస్తుంది."

"బకెట్టు నీళ్ళు పక్కన పెట్టుకుంటా."

"కరెంటు వస్తువు మీద నీళ్ళు పొయ్యకూడదమ్మా."

"అయితే ఇసక పెట్టుకుంటా." ఆవిడ వెళ్ళి సంచీ పక్కన నిలబడింది. "ఒక్కసారే. తర్వాత అడగను. తర్వాత అడిగినా చెయ్యడానికి ఆయన ఉండాలి కదా."

కూతురు తల్లి మొహం చూసింది. ఏమీ అర్థం కాలేదు గానీ, సంచీ మీంచి ఇస్త్రీపెట్టె తీసింది.

మేస్త్రిని లేపారు. ఆయన దుప్పట్లు మడతపెట్టి, మఫ్లరు ఉంచుకోవాలో తియ్యాలో అడగబోయి, ఎందుకొచ్చిన గొడవని ఉంచుకుని వచ్చాడు. మీట నొక్కాడు. ఫ్యాను గొంతు సవరించుకుంది. తెల్లగీత వచ్చి నిలబడింది. మేస్త్రి వెళ్ళి టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కళ్ళజోడు తుడుచుకుని వచ్చాడు. అప్పటికి తెరుచుకుంది. కాలిన వాసన కొద్దిగానే ఉంది.

ఆయన కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నాడు. మోకాళ్ళు తగిలాయి. ఆవిడ పాత మిషన్లు చెవులకు పెట్టుకుంది. ఆయన వైర్లు తగిలించి, గీత జరిపాడు.

"ఇప్పుడెలా ఉంది?"

ఆ మాట ఎక్కడో వీధిలోంచి కాదు, ఎదురుగా కూర్చున్న మనిషి నోట్లోంచే వచ్చింది. గరుగ్గా, గట్టిగా, ముక్కుతో కొంచెం కలిసి, ఎప్పటి గొంతో అదే.

"మీ గొంతు బాగుందండీ," అంది ఆవిడ.

"నా గొంతుకేమైంది?"

"పోతోందనుకున్నా."

"ఎక్కడికి?"

ఆవిడ చెయ్యి చాచి ఆయన మెడలోని మఫ్లరు విప్పి, మడిచి, తన ఒళ్ళో పెట్టుకుంది. మేస్త్రి మెడ తడుముకుని, "శిక్ష అయిపోయిందా?" అన్నాడు.

కూతురు వాళ్ళిద్దర్నీ చూడట్లేదు. వైర్ల వైపు చూస్తోంది.

"నాన్నా. ఆ ఎర్ర వైరు ఎటు పెట్టావ్?"

"కుడివైపు."

"అది అమ్మ ఎడమచెవి."

"నాకు కుడే."

"నీకు కుడి ఏంటి నాన్నా? చెవులు అమ్మవి కదా."

"చెవులు మీ అమ్మవి. కూర్చున్నది నేను." మేస్త్రి చేతులు రెండూ ఎత్తి చూపించాడు. "ఇటు నా కుడి. ఎదురుగా ఉన్నది ఎరుపు. అటు నా ఎడమ. ఎదురుగా ఉన్నది నీలం. ఇందులో పొరపాటేముంది?"

కూతురు పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"లోకమంతా ఎరుపంటే కుడిచెవి నాన్నా. మనిషి కుడిచెవి. నీ కుడి కాదు. నువ్వు కుడి అని రాసిందంతా వాళ్ళ ఎడమ. ఎడమ అని రాసిందంతా వాళ్ళ కుడి."

"అలా రాసి, అలాగే పెట్టాను కదా. ఎవరికైనా వినపడలేదా?"

"నీ డబ్బాతో పెడితే వినపడుతుంది. నువ్వు తిరగేసి రాశావు, తిరగేసి పెట్టావు, రెండుసార్లు తిరిగి సరిపోయింది. కొత్త లాప్‌టాప్ నువ్వు రాసింది నమ్మింది. అమ్మ పాడైన చెవికి ఇవ్వాల్సిన శబ్దం బాగున్న చెవికి ఇచ్చింది. అందుకే నా మాట అరుపులా మోగింది, నువ్వు వినపడలేదు." ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది. "ఇలా అమ్మ ఒక్కదానికేనా, అందరికీనా?"

"అందరూ నా ఎదురుగానే కూర్చున్నారమ్మా," అన్నాడు మేస్త్రి. "వీపు పెట్టి ఎవరూ కూర్చోలేదు."

కూతురు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. పెద్ద బడిలో ఇలాంటి రోగం గురించి చెప్పలేదు. అదే సమయానికి లాప్‌టాప్ వెనకనుంచి చిటుక్కుమని చప్పుడొచ్చింది. చూస్తుండగానే తెర నల్లబడింది. ఫ్యాను ఒక్కసారి నిట్టూర్చి ఆగిపోయింది. సన్నటి పొగ లేచి, ఇస్త్రీపెట్టె చుట్టూ తిరిగి, కిటికీలోంచి వెళ్ళిపోయింది. కూతురు పరుగున వెళ్ళి ప్లగ్గు పీకింది.

"ఇక దీనికి ఎప్పుడూ ప్లగ్గు పెట్టొద్దు నాన్నా. ఒట్టు."

"సరే," అన్నాడు మేస్త్రి.

కొత్త లాప్‌టాప్‌లో కుడి ఎడమలు తారుమారు చెయ్యడం ఒక్క నొక్కు పనేనట. కూతురు మర్నాడు కూర్చుని అందరివీ మార్చేసింది. కండక్టరు మిషన్లు పెట్టుకుని రోడ్డు దాటి, అటునుంచి చెయ్యి ఊపి, మళ్ళీ దాటి వచ్చాడు. ఇప్పుడు భార్యకు సరైన వైపు తిరిగే క్షమాపణ చెబుతున్నానని, అయినా ఆవిడ ఊరుకోవట్లేదని, అది మిషన్ తప్పు కాదని ఒప్పుకున్నాడు. గడియారాల షాపాయన మాత్రం తనది మార్చనివ్వలేదు.

ఆవిడవి కూడా కూతురు మార్చింది. కుళాయి కుళాయిలా మోగింది. కుడిపక్కన మేస్త్రి "మజ్జిగ" అంటే మజ్జిగ అన్నట్టే వినపడింది. ఆయన పోవట్లేదు. ఎక్కడికీ పోవట్లేదు. అక్కడే కూర్చుని మజ్జిగ అడుగుతున్నాడు. ఆవిడకు గుండెలమీంచి బండ దించినట్టయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

శనివారం వచ్చేసరికి ఇంకో భయం పట్టుకుంది. చెవులు బాగున్నాయి, మిషన్లు బాగున్నాయి, ఫోను అన్నీ అదే చూసుకుంటోంది. ఇంత బాగున్న ఇంట్లో ఆయన ఆవిడకు ఎదురుగా వచ్చి కూర్చోవాల్సిన పనేముంది?

ఆదివారం భోజనాలయ్యాయి. ఆవిడ గిన్నెలు ఒకటికి రెండుసార్లు తోమింది. తోమినవి తుడిచింది, తుడిచినవి మళ్ళీ కడిగింది. ఫోను చేతికి తీసుకుంటే ఆ ఐదు మొహాలు వచ్చాయి. నవ్వే మొహాన్ని నొక్కి బోర్లా పెట్టేసింది. అప్పుడు ముందుగదిలోంచి ఏదో ఈడ్చిన చప్పుడు వినపడింది. కుడి, ఎడమ రెండు చెవులకూ సరిగ్గా వినపడింది. కుర్చీ చప్పుడు.

వచ్చి చూస్తే, గోడవార బల్ల మీద పాత లాప్‌టాప్ సంచీలోంచి బయటికొచ్చి ఉంది. మూత తెరిచి ఉంది. వెనకాల ఇస్త్రీపెట్టె తన ఉద్యోగంలో తాను ఉంది. మేస్త్రి మీట నొక్కి, లేచి వంటింట్లోకి వెళ్ళాడు. టీ పెట్టుకున్నాడు. తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎదుటి కుర్చీ వంక చూశాడు. ఆవిడ వెళ్ళి కూర్చుంది.

కొత్త మిషన్లకు వైరు తగిలించే చోటు లేదు. మేస్త్రి కాసేపు ఆలోచించి, ఎర్ర వైరు తన కుడిచేతి వైపు, నీలం వైరు తన ఎడమచేతి వైపు, ఆవిడ రెండు భుజాల మీదా వేశాడు.

కూతురు బ్యాటరీల పెట్టె పట్టుకుని అటుగా వెళ్తూ ఆగింది.

"నాన్నా, దానికి ప్లగ్గు పెట్టలేదు."

"పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నది నువ్వేగా."

కూతురు తల్లి భుజాల మీద వైర్లు చూసింది. ఫోను బోర్లా ఉండటం చూసింది. బ్యాటరీల పెట్టెతో సహా ముందు బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మేస్త్రి వేలితో గీత ఉండాల్సిన చోట మెల్లగా పైకి జరిపాడు. ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఇప్పుడెలా ఉంది?"

ఆవిడ తొందరపడలేదు. కిందటి సారి ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకుంది.

"కొంచెం బొంగురుగా ఉందండీ."

మేస్త్రి నల్లటి తెర వైపు వంగి, కళ్ళజోడు ముక్కుమీదికి తోసుకుని, పరీక్షగా చూశాడు.

"అవును," అన్నాడు. "ఇక్కడ కనిపిస్తూనే ఉంది."